రాయిని కరిగించే బూజు



తొలకరి పడిందంటే పల్లెల్లో ముందుగా వినబడే మాట డి.ఎ.పి. "సొసైటీకి లోడు వచ్చిందా? మనిషికి ఎన్ని బస్తాలు ఇస్తున్నారు?" అని ఒకటే ఆరా. కొరత వచ్చిన సీజన్లలో తెల్లవారకముందే చెప్పులూ, పాసు పుస్తకాల జిరాక్సులూ వరసలో పెట్టి, పక్కన అరుగు మీద కూర్చున్న రైతులను మనమంతా చూశాం. ఇంత ఆరాటపడి తెచ్చుకునే బస్తాలో ఏముంది? అది ఎక్కడి నుంచి వస్తోంది? చేలో పడ్డాక ఏమవుతోంది? ఈ మూడు సంగతులూ తెలిస్తే, కోతలయ్యాక మనం అంటించే గడ్డికీ, ఉల్లిపాయ మీద పట్టే నల్ల బూజుకూ, ఆ బస్తాకూ ఉన్న సంబంధం కూడా తెలుస్తుంది.

ముందు బస్తా సంగతి చూద్దాం. 50 కిలోల డి.ఎ.పి.లో నత్రజని 18 శాతం, అంటే 9 కిలోలు. భాస్వరం 46 శాతం, అంటే 23 కిలోలు. నత్రజని యూరియాలోనూ దొరుకుతుంది. కాబట్టి డి.ఎ.పి.కి మనం డబ్బు పెట్టేది ముఖ్యంగా ఆ 23 కిలోల భాస్వరం కోసమే. వేరు సాగాలన్నా, పిలకలు రావాలన్నా, గింజ నిండాలన్నా భాస్వరం కావాలి. లేత మొక్కజొన్న ఆకుల అంచులు ఊదా రంగుకు తిరిగాయంటే భాస్వరం అందడం లేదని మొక్క చెబుతున్నట్టే.

ఎరువు బస్తాలోని భాస్వరం అంతా రాతి నుంచి వచ్చిందే. రాక్ ఫాస్ఫేట్ అనే ఖనిజాన్ని పొడి కొట్టి గంధకామ్లం కలిపితే ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది. దానికి అమ్మోనియా కలిపితే డి.ఎ.పి. తయారవుతుంది. ఈ రాయి అన్ని దేశాల్లోనూ దొరకదు. ప్రపంచంలో తెలిసిన నిల్వల్లో సుమారు 70 శాతం ఒక్క మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతంలోనే ఉంది. మన విశాఖపట్నం, కాకినాడ కర్మాగారాల్లో తయారయ్యే ఎరువుకు కూడా రాయో, ఆమ్లమో ఓడల్లో రావలసిందే. అక్కడ ధర పెరిగితే ఇక్కడ మనకు సెగ తగులుతుంది. 2021లో అదే జరిగింది. బస్తా అసలు ధర 2,400 రూపాయలకు చేరింది. రైతుకు 1,200కే అందించడానికి ఆ ఏడాది మే నెలలో కేంద్ర ప్రభుత్వం బస్తాకు ఇచ్చే సబ్సిడీని 500 రూపాయల నుంచి 1,200కు పెంచవలసి వచ్చింది. మరుసటి ఏడాది రైతు చెల్లించే ధర కూడా 1,350 అయింది.

ఇంత దూరం నుంచి, ఇంత ఖర్చుతో వచ్చిన భాస్వరం మన చేలో ఏమవుతోంది?

యూరియా నీటితో కదులుతుంది. భాస్వరం అలా కదలదు, పడిన చోటే ఉంటుంది. ఉన్నచోట ఊరికే కూడా ఉండదు. ఎర్ర చల్కా నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టుకుంటాయి. నల్లరేగడిలో సున్నం, అంటే కాల్షియం, పట్టుకుంటుంది. పట్టుకున్నాక అది మళ్లీ రాయి లాంటిదే అవుతుంది, వేరుకు అందదు. మనం వేసిన భాస్వరంలో ఆ పంటకు అందేది సాధారణంగా 15 నుంచి 20 శాతమే. మిగతాది నేలలోనే చిక్కుకుపోతుంది. ఏటేటా వేస్తూనే ఉన్నాం, ఏటేటా పేరుకుంటూనే ఉంది. అందుకే మన నేలల్లో భాస్వరం నిల్వలు పెరిగిపోయాయనీ, కొత్తగా గుప్పించే బదులు ఉన్నదాన్ని కరిగించుకోమనీ శాస్త్రవేత్తలు పదే పదే చెబుతున్నారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని. పైగా భాస్వరం మితిమీరితే పంటకు జింకు అందదు. వరిలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, దుబ్బు గిడసబారితే జింకు సల్ఫేటు చల్లుతాం. ఆ జింకు లోపానికి మనం అతిగా వేసిన భాస్వరం కూడా ఒక కారణం కావచ్చు.

మరి నేలలో చిక్కుకున్న భాస్వరాన్ని విడిపించేది ఎవరు? ఇక్కడే బూజు రంగంలోకి దిగుతుంది.

వంటింట్లో నిల్వ ఉన్న ఉల్లిపాయ తీసుకుని చూడండి. పై పొర కింద మసి రాసినట్టు నల్లని పొడి కనిపిస్తుంది. ముట్టుకుంటే వేలికి అంటుతుంది. దాని పేరు ఆస్పర్జిల్లస్ నైజర్. చూడటానికి అసహ్యంగా ఉన్నా, లోకంలో ఆమ్లం తయారుచేయడంలో దీన్ని మించిన బూజు లేదనే చెప్పాలి. పులిహోరలో నిమ్మకాయలు చాలకపోతే వేసే నిమ్మఉప్పు మనకు తెలుసు, అదే సిట్రిక్ ఆమ్లం. ఒకప్పుడు దాన్ని నిమ్మపళ్ల నుంచే తీసేవారు. చక్కెర నీళ్ల మీద ఈ నల్ల బూజును పెంచితే నిమ్మఉప్పు సమృద్ధిగా వస్తుందని జేమ్స్ కరీ అనే అమెరికా శాస్త్రవేత్త 1917లో చూపించారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా కూల్‌డ్రింకుల్లో, చాక్లెట్లలో, మందు బిళ్లల్లో పడే నిమ్మఉప్పులో ఎక్కువ భాగం ఈ బూజు పెట్టిన భిక్షే. చుక్కకూరకు పులుపునిచ్చే ఆక్జాలిక్ ఆమ్లాన్ని కూడా ఇది తయారుచేస్తుంది.

ఈ ఆమ్లాలే భాస్వరాన్ని విడిపిస్తాయి. కర్మాగారంలో గంధకామ్లం చేసే పనిని ఇక్కడ నిమ్మఉప్పు, ఆక్జాలిక్ ఆమ్లం నెమ్మదిగా చేస్తాయి. భాస్వరాన్ని పట్టుకుని ఉన్న కాల్షియాన్నో, ఇనుమునో తమవైపు లాక్కుంటాయి. పట్టు సడలగానే భాస్వరం నీటిలో కరిగి, వేరు పీల్చుకునే రూపంలోకి వస్తుంది.

ఇది ప్రయోగశాలలో కంటితో చూడగలిగిన విషయం. పికోవ్‌స్కయా అనే శాస్త్రవేత్త 1948లో ఒక పరీక్ష రూపొందించారు. నీటిలో కరగని భాస్వరపు పొడి కలిపిన తెల్లని జెల్లీని గాజు పళ్లెంలో పోస్తారు. పళ్లెం అంతా తెల్లగా, అవతలి వస్తువు కనిపించకుండా ఉంటుంది. మధ్యలో చిటికెడు బూజు పెట్టి వదిలేస్తారు. కొద్ది రోజులకు బూజు చుట్టూ తెలుపు విరిగి, స్వచ్ఛమైన వలయం ఒకటి ఏర్పడుతుంది. అక్కడి పొడి కరిగిపోయిందన్నమాట. వలయం ఎంత వెడల్పుగా ఉంటే బూజుకు అంత పనితనం ఉందని లెక్క. భాస్వరం కరిగించే జీవన ఎరువుల కోసం సూక్ష్మజీవులను ఏరేటప్పుడు ఇప్పటికీ మొదట చూసేది ఈ వలయాన్నే.

అయితే బూజు ఊరికే ఆమ్లం ఇవ్వదు. దానికి పచ్చదనం లేదు, ఎండ నుంచి సొంతంగా తిండి తయారుచేసుకోలేదు. మేత వేయాలి. ఆ మేత మన పొలంలోనే ఉంది. వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, పత్తి కట్టె, కంది కట్టె, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు. వీటిలోని పీచును బూజు చక్కెరగా విరగ్గొట్టుకుని తింటుంది. తిన్నదాంట్లో కొంత ఆమ్లంగా బయటికి వదులుతుంది.

ఒక అపోహ ఉంది, దాన్ని ఇక్కడే తీర్చుకుందాం. గడ్డిలోనే భాస్వరం దండిగా ఉందని కొందరు అనుకుంటారు. టన్ను వరిగడ్డిలో ఉండే భాస్వరం సుమారు 2 కిలోలే. నత్రజని 5 నుంచి 8 కిలోలు, పొటాష్ 14 నుంచి 20 కిలోల దాకా ఉంటాయి. భాస్వరం వరకు చూస్తే గడ్డి పెద్ద ఖజానా ఏమీ కాదు. దాని విలువంతా బూజుకు మేత కావడంలో ఉంది. ఆ గడ్డిని అంటిస్తే ఏమవుతుంది? నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది. భాస్వరంలో పాతిక శాతం, పొటాష్‌లో ఐదో వంతు పోతాయి. వీటన్నిటికన్నా ముఖ్యంగా బూజుకు వేయవలసిన మేత పొగైపోతుంది.

ప్రపంచంలో ఇతరులూ ఈ దారిలో నడుస్తున్నారు. స్పెయిన్‌లోని గ్రనాడాలో 1990ల నుంచి శాస్త్రవేత్తలు చక్కెర దుంప పిప్పి మీద ఈ నల్ల బూజును పెంచి, అందులో రాక్ ఫాస్ఫేట్ కలిపి కరిగించారు. బ్రెజిల్‌లో చెరకు పిప్పి లాంటి వ్యర్థాలతో ప్రయత్నిస్తున్నారు. మన దేశమూ వెనకబడలేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఆస్పర్జిల్లస్ అవమోరి అనే బూజు మీద చాలా ఏళ్లుగా పనిచేసింది. భోపాల్‌లోని భారత మృత్తికా విజ్ఞాన సంస్థ పంట వ్యర్థాలు, పేడ, రాతి పొడి కలిపి కుళ్లబెట్టే పద్ధతిని రైతులు చేసుకోగలిగే తీరులో రూపొందించింది. దాన్ని ఫాస్ఫో కంపోస్టు అంటారు.

ఇందులో మన దేశానికి మరో లాభం ఉంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో, మధ్యప్రదేశ్‌లో ఝాబువా, సాగర్ ప్రాంతాల్లో, ఉత్తరాఖండ్‌లో ముస్సోరీ దగ్గర రాక్ ఫాస్ఫేట్ నిక్షేపాలున్నాయి. వాటిలో చాలావరకు నాసిరకం రాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం తీసే కర్మాగారానికి 30 శాతం భాస్వరం ఉన్న రాయి కావాలి. 18 శాతం రాయి అక్కడ నేరుగా పనికిరాదు. బూజుకు అలాంటి పట్టింపు లేదు. ఆ పొడిని నేరుగా చేలో చల్లితే పుల్లటి నేలలున్న కేరళ, అస్సాం తోటల్లో కరుగుతుంది గానీ, సున్నం ఎక్కువున్న మన నల్లరేగడిలో ఇసుక చల్లినట్టే పడి ఉంటుంది. అందుకే దాన్ని ముందు దిబ్బలో కరిగించి, తర్వాత చేలో వేయాలి.

ఇక తయారీ. కాగితం, కలం దగ్గరున్నవాళ్లు రాసుకోండి.

టన్ను ఫాస్ఫో కంపోస్టుకు సుమారు 1,900 కిలోల గడ్డీ గాదం, ఆకూ అలమూ, 200 కిలోల పేడ, 250 కిలోల రాక్ ఫాస్ఫేట్ పొడి కావాలని భోపాల్ సంస్థ లెక్క. పేడ బరువు ఎండు లెక్కన చెప్పింది, పచ్చి పేడ అంతకు కొన్ని రెట్లు పడుతుంది. గడ్డిని, కట్టెను జానెడు కన్నా చిన్న ముక్కలుగా నరకాలి. పత్తి కట్టె గట్టిది, దాన్ని ష్రెడ్డరుతో ముక్కలు చేయించాలి. నీడ ఉన్న చోట, నీరు నిలవని మెరక మీద ఒక పొర గడ్డి పరిచి, పేడ నీళ్లు చల్లి, రాతి పొడి చల్లి, దాని మీద మళ్లీ గడ్డి వేయాలి. ఇలా నడుము ఎత్తు వచ్చేదాకా పొరలు వేయాలి. బూజు కల్చరును పేడ నీళ్లలో కలిపి చల్లితే అంతటా సమంగా పడుతుంది. వట్టి గడ్డి కుళ్లడానికి నత్రజని చాలదు, కాబట్టి కొద్దిగా యూరియా కూడా కలపాలి.

తడి ఎంత ఉండాలన్నది అందరూ తడబడే చోటు. పోగులోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో తడి మెరవాలి, ధారగా నీరు కారకూడదు. కారితే గాలి ఆడక బూజు చస్తుంది, దుర్వాసన వస్తుంది. అసలు తడే లేకపోతే బూజు నిద్రపోతుంది. మొదటి రెండు మూడు వారాల్లో పోగు లోపల 55, 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. భయపడకండి, ఆ వేడికి కలుపు గింజలు చస్తాయి, పత్తి కట్టెలో దాగిన గులాబీ రంగు పురుగూ బతకదు. కానీ మనం చల్లిన బూజులోనూ కొంత చస్తుంది. అందుకని వేడి తగ్గాక, నెల రోజులప్పుడు తిరగేసేటపుడు, మరోసారి కల్చరు చల్లడం మంచిది. పదిహేను రోజులకొకసారి చొప్పున మూడు సార్లు తిరగేస్తే మూడు, మూడున్నర నెలల్లో నల్లగా, పొడిపొడిగా, తడిసిన మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. 250 కిలోల రాతి పొడిలో 18 శాతం భాస్వరం అంటే 45 కిలోలు. రెండు డి.ఎ.పి. బస్తాల్లో ఉండేది 46 కిలోలు. అయితే టన్ను కంపోస్టు రెండు బస్తాలకు సమానమా? కాదు. దిబ్బలో ఉన్నదంతా వెంటనే పైరుకు అందే రూపంలోకి రాదు. సోయాచిక్కుడు, గోధుమ పైర్ల మీద భోపాల్ శాస్త్రవేత్తలు చేసి, 2001లో ప్రచురించిన పరిశీలన ఉంది. సోయాలో హెక్టారుకు 10 టన్నుల ఫాస్ఫో కంపోస్టు వేస్తే, సూపర్ ఫాస్ఫేట్ రూపంలో 60 కిలోల భాస్వరం వేసినప్పటితో సమానమైన దిగుబడి వచ్చింది. నేలలో సూక్ష్మజీవులు కూడా పెరిగాయి. మన ఎకరాల లెక్కకు మారిస్తే నాలుగు టన్నుల కంపోస్టుకు 24 కిలోల భాస్వరం, అంటే ఇంచుమించు ఒక డి.ఎ.పి. బస్తా.

ఎకరానికి నాలుగు టన్నులు అందరికీ సాధ్యమయ్యే పని కాదని నాకూ తెలుసు. పశువులు తగ్గాయి, కూలి పెరిగింది. కాబట్టి "డి.ఎ.పి. మానేయండి, బూజు చూసుకుంటుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. టన్ను, రెండు టన్నులు వేయగలిగినవారు బస్తాలో పావు వంతు నుంచి సగం దాకా తగ్గించుకోవచ్చు. మిగిలిన భాస్వరం నేలలో ఉండి తర్వాతి పైరుకూ కొంత అందుతుంది. సొంతంగా చేసుకోలేనివారికి ఇదే సూత్రంతో తయారైన ప్రోమ్ అనే ఎరువు బస్తాల్లో దొరుకుతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో కనీసం 10.4 శాతం భాస్వరం ఉండాలి. కొనేటప్పుడు బస్తా మీద ఆ అంకె చూసి, బిల్లు తీసుకోండి.

బూజుతో పాటు, నేలలో చిక్కుకున్న భాస్వరాన్ని విడిపించేవి మన పంటల్లోనే ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తలు కంది వేళ్లను పరిశీలించారు. ఇనుము పట్టి ఉంచిన భాస్వరాన్ని కంది వేరు ఒక ప్రత్యేకమైన ఆమ్లంతో విడిపించుకుంటుందని 1990లో 'సైన్స్' పత్రికలో వెల్లడించారు. శనగ వేరు నిమ్మఉప్పు లాంటి ఆమ్లాలతో సున్నం పట్టిన భాస్వరాన్ని కరిగిస్తుంది. తెల్లవారుజామున శనగ చేలో నడిస్తే కాళ్లకు అంటే పులుపు కూడా ఆమ్లమే. చల్కాలో జొన్నతో కంది, రేగడిలో శనగ వేసుకున్న మన పెద్దల పద్ధతిలో భాస్వరం లెక్క కూడా ఇమిడి ఉందన్నమాట.

చివరిగా కొన్ని హెచ్చరికలు. బూజు అన్నాం కదా అని కనిపించిన బూజునల్లా పోగులో కలపకండి. ఉల్లిపాయ మీది నల్ల బూజే వేరుశనగలో మొదలుకుళ్లు తెగులు తెస్తుంది. దాని దగ్గరి చుట్టం, పచ్చని పసుపు రంగు బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పెడుతుంది. పరీక్షించి, ఎంపిక చేసిన కల్చరును వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచో, కృషి విజ్ఞాన కేంద్రం నుంచో, ప్రభుత్వ జీవన ఎరువుల కేంద్రం నుంచో మాత్రమే తెచ్చుకోండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. ఎండలో, ట్రాక్టర్ ఇంజను పక్కన పెట్టకండి, అది ప్రాణమున్న సరుకు. తెగుళ్ల మందుతో కలిపి వాడకండి, ఆ మందుకు మంచి బూజు, చెడ్డ బూజు అనే తేడా తెలియదు. పోగు తిరగేసేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండండి. ఇక డి.ఎ.పి. వేసేవారు దుక్కిలోనే వేయండి, పైపాటుగా చల్లితే దండగ.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ఈ కోతలయ్యాక చేయవలసినవి రెండే పనులు. మొదటిది, గడ్డికి అగ్గిపుల్ల గీసే ముందు మట్టి నమూనా తీసి భూసార పరీక్షకు పంపండి. మీ చేలో భాస్వరం ఎక్కువ ఉందని కార్డు చెబితే కొత్తగా కొనే బస్తాలు తగ్గించండి. రెండోది, మొత్తం గడ్డి కాకపోయినా ఒక్క టన్ను కంపోస్టుకు సరిపడా గడ్డి మిగిల్చి, ఒక్క పోగు వేయండి. తయారైన ఎరువు అరెకరంలో వేసి, అక్కడ డి.ఎ.పి. సగానికి తగ్గించి, పక్క అరెకరంలో మామూలుగా డి.ఎ.పి. వేసి, రెండింటి దిగుబడీ తూకం వేసి చూడండి. మా మాట కన్నా మీ కాటా మీద నమ్మకం ఉంచండి. మహిళా సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కలిసి ష్రెడ్డరు అద్దెకు తెచ్చుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. వివరాలకు మీ మండల వ్యవసాయాధికారిని గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగండి.